మోచేతి నల్లది, మణికట్టు ఎర్రది

జర దగ్గరికి జరిగి కూసోండ్రి. గొంతు పెద్దగ చేసి చెప్పే ఓపిక ఈ మధ్యన నాకుంటలేదు. కాళ్ళు చాపుకుంటమంటే చాపుకోండ్రి, గోడకు ఒరుగుతమంటే ఒరుగుండ్రి. నేను గూడ ఒరిగే చెప్త. పొద్దంత హౌజు కాడ వంగి వంగి నడుము కట్టె లెక్క అయింది. మా యారాలి ఒంట్ల నెత్తురు ముచ్చట ఇది. చిన్నగ విన్రి.

యారాలంటే మా ఆయన అన్న పెండ్లాం. నేను అక్క అని పిలుస్త. మాది సురంగల్. ఇద్దరు అన్నదమ్ములకు ఒకటే బోరు, ఒకటే హౌజు. పొయ్యిలు మాత్రం రెండు. నేను ఆ ఇంట్ల అడుగు పెట్టినప్పటి సంది పొలం పని మా ఇద్దరిదే. ఆమె ముందట, నేను ఎనుక. క్యారెట్ పీకినా ఇద్దరమే, కడిగినా ఇద్దరమే. సిమెంటు హౌజుల బోరు నీళ్ళు నింపి, అండ్ల క్యారెట్ కుమ్మరించి, మోకాళ్ళ దాక దిగి కాళ్ళతోని తొక్కి, చేతులతోని రుద్ది కడుగుతం. పంపు కాడ అద్దం లెక్క పడే నీళ్ళు, మాది నల్లరేగడి గద, మోరీ కాలువలకెల్లి పోయేటప్పుడు బురద బురద, నల్లగ పోతయి. ఆ మోరీ తీసుకపోయి కొత్తిమీర మడిల కలిపిండు మా మామ, ఎన్నడో.

కడుక్కుంట కడుక్కుంట అక్క నా మీద పరాష్కాలు ఆడుతుండె. "ఏమే, నీ మొఖం జూడు, కడిగిన క్యారెట్ లెక్క ఎట్ల మెరుస్తున్నదో. నీ ఒంట్ల నెత్తురు సలసల కాగుతుంటదే. నన్ను జూడు, ముల్లంగి అయిన."

నేనేమనుకున్నంటే, ఆమెకు ఆడుడు అలవాటు, ఆడుతున్నదిలే అనుకున్న. గని నిజంగనే తెల్లగ అయితున్నది మనిషి. పెదవులు తెల్లగ, కండ్ల కింద తెల్లగ. నాలుక జూస్తే సున్నం పూసినట్టు. ఒక గంప ఎత్తుకుంటే గెట్టు మీద కూసుండి కుక్క లెక్క రొప్పుతున్నది. కొంగుల ఉత్త బియ్యం మూట కట్టుకొని బుక్కుతున్నది. "ఏందక్క, పెద్దమనిషివి, పిల్లల లెక్క బియ్యం బుక్కుతవు?" అంటే, "నీ సొమ్మేం పోయిందే" అన్నది.

బట్టలు పిండేటప్పుడు నాకు ఎరుకైంది. ఆడోళ్ళకు నెలకోసారి అయ్యేది ఆమెకు నెలంత అయితున్నది. ఎవరికి చెప్పలే. మొగనికి చెప్పలే, బిడ్డకు చెప్పలే, నాకు చెప్పలే. నేను అడిగితే గూడ, "ఈ ఈడుల అందరికి అయితది, ఆగే ముందల గట్లనే పొంగుతది" అన్నది. బతిలాడి, తిట్టి, ఆటోల ఎక్కించి చేవెళ్ల దవాఖానకు తీసుకపోయిన.

అక్కడ అసలు కత మొదలైంది.

మోచెయ్యి మీద రబ్బరు కట్టి సూది కుచ్చి నెత్తురు గుంజిన్రు. అక్క మొఖం అటు తిప్పుకోలే. ఆమె ఎప్పుడు గూడ మొఖం తిప్పుకునే మనిషి గాదు. కండ్లు పెద్దగ జేసి సీసల పడేదాన్ని చూసింది. నేను గూడ చూసిన. నేరేడు పండ్లు పిసికినట్టు నల్లగ ఉన్నది. డాక్టరమ్మ కాయితం చూసి, "ఒంట్ల నెత్తురు మస్తు తక్కువున్నదమ్మా, గర్భసంచిల గడ్డ ఉన్నట్టున్నది, మొయినాబాద్ దిక్కు పెద్ద దవాఖానకు పోండ్రి, ఆలస్యం చెయ్యకుండ్రి" అన్నది. గోలీలు ఇచ్చింది. అక్క తల ఊపింది. ఆమె చెవుల ఆ మాట పడిందో లేదో.

ఆటోల వచ్చేటప్పుడు మెల్లగ అన్నది. "చూసినవా?"

"ఏంది?"

"నల్లగున్నది. నా నెత్తురు కుళ్ళింది. అందుకే నాకు శాతనైతలేదు."

"తక్కువున్నది అన్నరు గని కుళ్ళింది అన్లే గద అక్క."

"వాళ్ళు మొఖం మీద చెప్తరా? నీకేం ఎరుక. మా అవ్వ చెప్పేది. నెత్తురు నల్లగైతే ఒంట్ల ఉంచుకోవద్దు, తీసెయ్యాలె అని."

నేను ఎంత చెప్పినా వింటదా? తెల్లారి నేను హౌజు కాడ ఉంటే చెప్పకుంట రోడ్డెక్కింది. నాకు అనుమానమొచ్చి ఎనుకనే ఉరికిన. ఎంకపల్లి దిక్కు ఒక ముసలాయన కొమ్ము పెడుతడు. మీకు ఎరుకేనో లేదో, ఎనుకట మోకాళ్ళు గుంజినా, నడుము పట్టినా బ్లేడుతోని చిన్నగ గీరి, దాని మీద కొమ్ము పెట్టి గాలి గుంజితే చెడు నెత్తురు వస్తదని నమ్ముతుండిరి. కొమ్ము పోయి ఇప్పుడు ప్లాస్టిక్ గిన్నెలు వచ్చినయి. మా దిక్కు సగం మంది ఈపుల మీద ఆ మచ్చలు ఉంటయి. నల్లగ గడ్డలు గడ్డలు వస్తది. అది చూసి, "ఇగో, ఇదే నన్ను పట్టి పీడించింది" అని తృప్తిపడి ఇంటికి పోతరు.

నేను చేరేసరికే అక్క వాళ్ళింట్ల గడంచె మంచం మీద కూసుండి ఈపు ఇచ్చింది. "ఒద్దక్క" అన్న. "నువ్వు నా ఎనుక ఎట్ల పడ్డవే, చెప్పకుంటనే వచ్చిన గద" అని నవ్వింది. ముసలాయన గీరిండు, గిన్నె పెట్టిండు. గిన్నెలకు రావల్సినంత రాలే. వచ్చింది గూడ గడ్డకట్టలే. పల్చగ, నీళ్ళల్ల కుంకుమ కలిపినట్టు. ముసలాయన గిన్నె వంచి చూసిండు. అక్క కండ్లకింద గుంజి చూసిండు. గిన్నె పక్కకు పెట్టి దూది అదిమిండు.

"బిడ్డా, నేను చెడు నెత్తురు తీస్త. నీ ఒంట్ల చెడుది లేదు, మంచిది లేదు. నన్నేం తియ్యమంటవ్? లే, దవాఖానకు పో" అన్నడు.

అక్కకు కోపమొచ్చింది. "వీడు గూడ గట్లనే అంటుండు" అనుకుంట రోడ్డు మీదికొచ్చింది. ఆటో కోసం నిలవడ్డం. నిలవడ్డదల్లా నా భుజం మీదికి ఒరిగింది. నేను పరాష్కానికనుకున్న. చూస్తే కండ్లు తేలేసింది. దారిన పోయేటోళ్ళు నీళ్ళు చల్లిన్రు. కండ్లు తెరిచింది గని ఊపిరి అందుతలేదు, చేప లెక్క నోరు తెరుస్తున్నది. ఒక ఆటోల ఎత్తి పడుకోబెట్టి, చేవెళ్ల దిక్కు గాదు, సీదా మొయినాబాద్ దిక్కు పెద్ద దవాఖానకు తీసుకపోయిన. బావకు ఫోన్ చేసిన. చేవెళ్లల ఇచ్చిన అక్క బిడ్డకు ఫోన్ చేసిన. ఇద్దరు ఉరికొచ్చిన్రు.

అక్కడ ఊపిరి ఎట్లున్నదో చూడాలని మణికట్టు కాడ సూది కుచ్చిన్రు. నాడి పట్టి చూస్తరు గద, ఆ నాడిలనే. మస్తు నొప్పట. అక్క అవ్వా అన్నది గని మొఖం మాత్రం తిప్పలే. అగో, ఆ సీసల పడ్డది దానిమ్మ గింజ లెక్క ఎర్రగున్నది. మెరుస్తున్నది. దాని ఎంటనే అదే చెయ్యి మోచేతి కాడ గూడ గుంజిన్రు, వేరే పరీక్షకు. అది మళ్ళ నేరేడు పండే. రెండు సీసలు పళ్ళెంల పక్క పక్కన పెట్టింది సిస్టరమ్మ.

అక్క వాటి దిక్కు చూసుకుంట, "సిస్టరమ్మా, ఈ ఎర్రది ఎవరిది?" అన్నది.

"నీదేనమ్మా. ఇప్పుడే గద తీసిన."

"మరి ఆ నల్లది?"

"అది గూడ నీదే."

"ఒక్క చేతిల ఇన్ని రంగులు ఎట్లుంటయి? ఎవరిదన్న కలిసింది చూసుకోండ్రి."

నాకు గూడ వింతనే అయింది. మూరెడు దూరం గూడ లేదు ఇది తీసినకాడికి, అది తీసినకాడికి. సిస్టరమ్మ పాపం మంచిది. చేతుల పని ఆపకుంటనే చెప్పింది. మణికట్టు కాడ తీసింది పోయే నెత్తురట. మోచేతి కాడ తీసింది తిరిగొచ్చే నెత్తురట. రొమ్ములకెల్లి గాలి నింపుకొని బయలెల్లినప్పుడు ఎర్రగుంటదట. వేళ్ళ కొసలకు పోయి, ఆడ గాలి ఇచ్చి, తిండి ఇచ్చి, అక్కడి మురికి ఎత్తుకొని తిరిగొచ్చేటప్పుడు నల్లబడతదట. మళ్ళ రొమ్ములకు పోతే మళ్ళ ఎర్రగైతదట. దారిల పేగుల కాడ తిన్న తిండి ఎక్కించుకుంటదట, కిడ్నీల కాడ మురికి దించుతదట. "ఒక్క నెత్తురేనమ్మా, గని ఒక్కో తాన ఒక్కో తీరుంటది" అన్నది.

నాకు ఎంటనే మన బస్సు యాదికొచ్చింది. చేవెళ్ల కాడ కూరగాయల మూటలతోని ఎక్కుతం. మొయినాబాద్ కాడ సగం మంది దిగుతరు, కాలేజీ పిల్లలు ఎక్కుతరు. పట్నం చేరేసరికి మనమెక్కినప్పుడు ఉన్న మొఖం ఒక్కటుండది. బస్సు మాత్రం అదే బస్సు. మాపటికి అదే బస్సు ఖాళీ గంపలతోని, గుంజుకపోయిన మొఖాలతోని తిరిగొస్తది. పొద్దుగాల పోయే బస్సును, మాపటికొచ్చే బస్సును పక్క పక్కన పెట్టి చూస్తే ఎవరన్న ఒక్కటే అంటరా? అక్కకు అదే చెప్పిన.

అక్క ఆలోచన జేసి, "అర్థమైంది" అన్నది. నాకు పానం లేచొచ్చింది. "అంటే మణికట్టు కాడ ఇంక మంచిగున్నది. మోచేతి కాడ చెడిపోయింది. సిస్టరమ్మా, ఆ నల్లదంత గుంజేసి పారబొయ్యిండ్రి. ఎర్రది మాత్రం ఉంచుండ్రి. నాకదే సాలు."

సిస్టరమ్మ నవ్వి తలకాయ మీద చెయ్యి పెట్టుకున్నది. నేను నవ్వలే. నాకు ఏడుపొచ్చింది.

డాక్టరమ్మ వచ్చి బావను, నన్ను పక్కకు పిలిచింది. గర్భసంచి తియ్యాలె, తియ్యకుంటే పోవుడు ఆగదు అన్నది. గని ఇంత తక్కువ నెత్తురుతోని ఆపరేషన్ చెయ్యరాదు, ముందుగాల నెత్తురు ఎక్కియ్యాలె అన్నది. "ఇంకోపారి ఈమె గిట్ల పడిపోతే దవాఖానకు తెచ్చే టైం గూడ మీకుండదు" అన్నది. బావ మీసం మీద చెయ్యి పెట్టుకొని అట్లనే నిలవడ్డడు. నాకు మా హౌజు యాదికొచ్చింది. అండ్ల ఒక్కదాన్నే దిగి ఉన్నట్టు, పక్కన తొక్కుతున్న రెండు కాళ్ళు లేనట్టు.

నెత్తురు సంచి తెచ్చిన్రు. అది గూడ నల్లగనే ఉన్నది.

అక్క చెయ్యి కొంగుల దాసుకున్నది. "నా నల్లదే నేను పారబొయ్యమంటుంటే, ఎవనిదో నల్లది నాకు పోస్తరా?"

"అమ్మా, అందరిది అట్లనే ఉంటది" అన్నది సిస్టరమ్మ.

"ఎందుకుంటది? మా చెల్లెది చూడుండ్రి, దాని మొఖం చూడుండ్రి. దాని నెత్తురు ఎర్రగుంటది. ఇస్తే దానిది ఇయ్యుండ్రి, ఎక్కించుకుంట. ఇది మాత్రం నా పానం పోయినా వద్దు."

బిడ్డ ఏడ్చింది. బావ మొదలు బతిలాడిండు, తర్వాత కోపం జేసిండు, ఆఖరికి "నీ ఇష్టం" అని చాయ తాగొస్తనని బయటికి పోయిండు. డాక్టరమ్మ, "ఆమె ఒప్పుకోకుంటే మేము సూది పెట్టరాదు" అన్నది. సిస్టరమ్మ సంచిని తాకి చూసి, "ఎక్కువసేపు బయట ఉంచితే ఇది పనికిరాదు, తిరిగి పంపిస్తున్న. మనసు మార్చుకుంటే చెప్పుండ్రి" అని తీసుకపోయింది. ఆ సంచి తలుపు దాటి పోతుంటే నా అక్కనే ఎవరో ఎత్తుకపోతున్నట్టు అనిపించింది.

నేను బ్లడ్ బ్యాంక్ కాడికి పోయి అడిగిన, నాది ఇస్త, ఆమెకు ఎక్కియ్యుండ్రి అని. చూసి చెప్పిన్రు, నా గ్రూపు వేరే, ఆమెకు పనికిరాదు. గని ఆమెకు ఇచ్చే సంచికి బదులు ఇంట్లోళ్ళు ఎవరన్న ఇస్తే మంచిది, ఇంకెవరికన్న అక్కరకొస్తది అన్నరు. బిడ్డ ముందుగాల చెయ్యి చాపింది. వేలు పొడిచి ఒక చుక్క తీసి నీలం నీళ్ళ గిలాసల వేసిన్రు. చుక్క మీదనే తేలింది. "నీకే తక్కువున్నదమ్మా, నువ్వు ఇయ్యరాదు" అని పంపిన్రు. నాది వేసిన్రు. రాయి లెక్క అడుగుకు పోయింది. బావ చాయకు పోయినోడు ఇంక రాలే. మా ఆయన మార్కెట్‌ల ఉన్నడు. ఆయనకు సూదంటే భయం, ఆ సంగతి ఊరంత ఎరుకనే. ఇగ నేనే మంచమెక్కిన.

బిడ్డకు ఒక తెలివి వచ్చింది. పైన వార్డుల అక్క కాడ ఉన్న పక్క మంచమోళ్ళ పిల్లకు వీడియో కాల్ కలిపింది. నా చెయ్యి, పైపు, ఊయల లెక్క ఊగే పళ్ళెంల నిండుతున్న సంచి, అన్ని చూపెట్టింది. "అవ్వా, చూడు, చిన్నమ్మది గూడ నల్లగనే ఉన్నది."

ఫోన్లకెల్లి అక్క గొంతు వినవడ్డది. ఆయాసంల గూడ ఆ ఎకసెక్కం పోలే. "ఫోన్ల అందరు నల్లగనే వస్తరు. మొన్న పెండ్లి వీడియోల నన్ను బొగ్గు జేసిండు గద. పెట్టెయ్యి, చార్జింగ్ అయిపోతది."

బిడ్డ ఫోన్ కొంగుల పెట్టుకొని నా మంచం కోడు పట్టుకొని కూసున్నది. నేను కండ్లు మూసుకున్న. ఏం జెయ్యాలె ఇగ? తిట్టిన, బతిలాడిన, బస్సు కత చెప్పిన, ఇప్పుడు నెత్తురు గూడ ఇస్తున్న. ఆమె మనసు మాత్రం ఇంచు జరుగుతలేదు. అలసట అంటే పని చేస్తే వచ్చేది ఒకటున్నది, అది పడుకుంటే పోతది. ఇంకోటున్నది, చేసిన పని ఎటు పోతలేదని ఎరుకైనప్పుడు వచ్చేది. ఆ రెండోది నా మీద కూసున్నది అప్పుడు.

కండ్లు తెరిచేసరికి తలుపు కాడ చక్రాల కుర్చీ. అండ్ల అక్క. కడుపు స్కానింగ్‌కు కింది అంతస్తుకు తెచ్చిందట ఆయమ్మ. స్కానింగ్ రూముకు పోయే తొవ్వ ఈ తలుపు ముందుకెల్లే. తలుపు తెరిచున్నది. అక్క కుర్చీ చక్రం పట్టుకొని ఆపింది. "జర ఆగమ్మా. అది మా యారాలు."

ఆయమ్మ ఆగింది. అక్క నన్ను చూడలే. పైపు చూసింది. నా మోచేతి కాడ మొదలుపెట్టి పైపు ఎంబడి కండ్లు జరుపుకుంట సంచి దాక వచ్చింది. బోరు నీళ్ళ పైపు యాడ పలిగిందో వెతికేటప్పుడు ఎట్ల చూస్తదో అట్ల చూసింది.

"నీదేనా?"

"నాదేనక్క."

"ఎవరిదన్న తెచ్చి నీకు తగిలియ్యలే గద?"

"నా చెయ్యికే ఉన్నది గద, కండ్లు కనవడుతలేవా?"

"నీది గూడ నల్లగనే ఉన్నదేందే?" అన్నది. ఆ గొంతుల కోపమున్నదో, బాధున్నదో, నాకిప్పటికి ఎరుకలేదు. "క్యారెట్ మొఖం దానివి, నీది గూడనా?"

"నాది గూడ."

కుర్చీ జరుపుమన్నది. చెయ్యి చాపి సంచి మీద వేలు పెట్టింది. అక్కడి సిస్టర్ చూసి చూడనట్టు కాయితాల మొఖం పెట్టింది. అక్క వేలు తియ్యలే. "ఎచ్చగున్నది" అన్నది.

పళ్ళెం అటు ఇటు ఊగుతున్నది, దాంతోని అక్క వేలు గూడ ఊగుతున్నది.

"మన హౌజు నీళ్ళు" అన్నది మెల్లగ. "పంపు కాడ తెల్లగ పడతయి. క్యారెట్ కడిగి కడిగి మోరీలకు నల్లగ వస్తయి."

"ఆఁ."

"అవి చెడ్డ నీళ్ళని ఎన్నడన్న పారబోసినమా? కొత్తిమీరకు పోతయి. భూమిల ఇంకుతయి. మళ్ళ బోరుల పడి తెల్లగ వస్తయి." కుర్చీల ఎనుకకు ఒరిగింది. "నల్లగున్నయంటే ఏడనో ఎవరివో కాళ్ళు తొక్కినట్టు. పని జేసొచ్చినట్టు."

నేను చెప్పిన బస్సు ముచ్చట ఆమెకు పట్టలే చూడుండ్రి. ఆమె హౌజు ఆమెకు కావాలె. మోకాళ్ళ దాక దిగిన నీళ్ళే ఆమెకు సాక్ష్యం.

"పదమ్మా ఆయమ్మా" అన్నది. "స్కానింగ్ అయినంక ఆ సంచి తెమ్మను. నల్లదే తెమ్మను." రెండడుగులు పోయినంక మళ్ళ మెడ తిప్పింది. "ఓ పిల్లా, అంత ఇయ్యకు. రేపు క్యారెట్ పీకాలె, ఎవరు వంగుతరు?"

నెత్తురు ఎక్కింది. మొదలు ఒక సంచి, తర్వాత ఇంకోటి. బిడ్డ, నేను మార్చి మార్చి మంచం పక్కన కూసున్నం. చుక్క చుక్క పడుతుంటే అక్క రెప్ప కొట్టకుంట చూసింది. రెండో సంచి అయిపోయేసరికి గోళ్ళ కింద జర రంగు వచ్చింది. అద్దమడిగి పెదవి తిప్పి చూసుకున్నది. "ముల్లంగి పోయి ఉల్లిగడ్డ అయిన" అన్నది. అప్పుడు నవ్విన నేను. బావ గూడ అక్కడనే ఉన్నడు, చాయ డబ్బా పట్టుకొని. అక్క ఆయన దిక్కు చూసి, "ఎక్కడ దొరికింది చాయ, చేవెళ్లలనా?" అన్నది. ఆయన మీసం కిందికి తిరిగింది.

కొన్ని దినాలకు ఆపరేషన్ అయింది. గర్భసంచి తీసేసిన్రు. బతికింది. ఇంటికొచ్చింది.

ఇగ ఇప్పటి సంగతి. బరువులు ఎత్తొద్దన్నరు ఆమెను. వంగొద్దన్నరు. హౌజుల దిగొద్దన్నరు. అవి దప్ప ఆమెకు ఏం రాదు, నాకు ఏం రాదు. ఊర్ల కొందరు కడిగే మిషన్ కిరాయికి తెస్తున్నరు, డ్రమ్ము తిరుగుతది, క్యారెట్ దానంతటదే కడుక్కుంటది. మేము ఒకపారి తెచ్చినం. క్యారెట్ తోలు పోయిందని అక్క మిషనోనితోని కొట్లాడింది. మళ్ళ నేనే దిగుతున్న హౌజుల. ఒక్కదాన్నే. ఆమె గట్టు మీద కుర్చీ ఏసుకొని పెద్దయి ఒక దిక్కు, చిన్నయి ఒక దిక్కు ఏరుకుంట నన్ను తిడుతది. "గట్టిగ తొక్కవే, కాళ్ళకు మెహందీ పెట్టుకున్నవా?" నాకు జవాబు చెప్పే ఓపిక ఉండది. ఒక్కోపారి నీళ్ళల్ల అట్లనే నిలవడి మోరీ దిక్కు చూస్తుంట. నల్లగ పోతుంటయి. పోనియ్యి అనుకుంట.

ఒకటి మాత్రం నా మనసుల తిరుగుతుంటది. నా నెత్తురు అక్కకు పోలే. ఎవరికి పోయిందో నాకు ఎరుకలేదు. ఏ ఊరోళ్ళకో, ఏ కాన్పు మంచం మీద పిల్లకో, రోడ్డు మీద పడ్డ ఏ బండి పిల్లగానికో. అక్క ఒంట్ల తిరిగేది గూడ ఎవరిదో మాకు ఎరుకలేదు. అడిగితే చెప్పరట. నా మోచేతిలకెల్లి నల్లగ పోయింది ఎవరి రొమ్ములనో గాలి తాకి ఎర్రగై, వాళ్ళ వేళ్ళ కొసలకు పోయి, అక్కడ పని జేసి, మళ్ళ నల్లగై తిరుగుతుండొచ్చు. అక్కకు చెప్పిన ఈ మాట. ఆమె క్యారెట్ కొస తుంపుకుంట, "మరి ఆ ఇచ్చినోడు బియ్యం బుక్కేటోడా ఏందే, ఎక్కించుకున్నంక గూడ నాకు బియ్యం మీద మనసు పోతలేదు" అన్నది. కొంగు చూస్తే నిజంగనే మూట ఉన్నది. గుంజుకొని కోళ్ళకు పోసిన. నెత్తురు తక్కువైతేనే బియ్యం మీదికి మనసు పోతదట, గోలీలు మింగిచ్చిన. రోజు పొద్దుగాల అదొక పని నాకు, ఆమె నోరు తెరిపిచ్చి నాలుక రంగు చూసుడు. "డాక్టరమ్మ వచ్చింది" అని నాలుక జాపుతది. ఇప్పుడు జర ఎరుపు ఉన్నది.

ఇగ నాకు నిద్రొస్తున్నది. మీరు గూడ లేవుండ్రి, ఇంత సేపు కూసున్నరు, కాళ్ళు తిమ్మిరెక్కుంటయి, నెత్తురు ఆడనే ఆగి ఉంటది, జర నడువుండ్రి. మీ ఇంటి ఆడోళ్ళు తెల్లబడకుంట ఉండాలె. మీ ఇంట్ల ఎవరి పానమన్న అలసి నల్లబడితే మళ్ళ ఎర్రబడే గాలి వాళ్ళకు దొరకాలె. మీ బోరు ఎండొద్దు, మీ మోరీ పారాలె, మీ మడిల కొత్తిమీర మొలవాలె. మీ గడప లోపటోళ్ళంత సల్లగుండాలె.